ఒక టిక్కీ బరువు

దయ్యాలూ గియ్యాలూ అంటే నాకు మొదటినుంచీ నమ్మకం లేదు. మీ అమ్మ చిన్నప్పుడు చీకటికి భయపడితే నేనే చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్లి, అక్కడ బొప్పాయి చెట్టు తప్ప ఇంకేం లేదని చూపించేదాన్ని. ముప్పై ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని. అంకెలో తేడా వస్తే మళ్లీ కూడమంటాను గానీ, తాయెత్తు కట్టుకోమనను.

పండూ, అమ్మూ, మొన్న ఫోనులో మీరిద్దరూ వేసవి సెలవులకి పుణె నుంచి వస్తామనీ, తాతయ్య చేసిన ట్రైలర్లో పడుకుంటామనీ అన్నారు. నేను "చూద్దాంలే నాన్నా" అని ఫోను మీ తాతయ్యకిచ్చేశాను. ఎందుకిచ్చేశానో చెప్పాలి. మీరిప్పుడు కాలేజీ పిల్లలు. ఏది ఎందుకు జరుగుతుందో నాకంటే మీకే బాగా తెలియాలి. చదివి, నేనెక్కడ పొరపాటు పడ్డానో చెప్పండి.

మీ తాతయ్య పాలిటెక్నిక్‌లో వర్క్‌షాపు నేర్పేవారని మీకు తెలుసు. రిటైరయ్యాక ఆయన చేతులకి పని లేక ఇంట్లో బాగున్న కుళాయిలన్నీ విప్పి బిగించేవారు. ఒకరోజు కారు వెనక తగిలించుకునే చిన్న ఇల్లు చేస్తానన్నారు. కోయంబత్తూరు నుంచి లారీ పార్సిల్లో ఇనప ఫ్రేము ముక్కలు ముక్కలుగా వచ్చింది. ఒక యాక్సిల్, రెండు చక్రాలు, ముందు కారుకి తగిలించే కొక్కెం, సంచెడు బోల్టులు. మిగతాదంతా మనమే చేసుకోవాలి. ప్లైవుడ్ గోడలు, పైన అల్యూమినియం రేకు, మధ్యలో ఎండ దిగకుండా థర్మోకోల్.

నల్లపాడులో మన షెడ్డు ముందు రోజూ జనమే. పక్కింటి విజయ మొగుడైతే, "ఏం మాస్టారూ, ఇడ్లీ బండి పెడుతున్నారా? మొదటి ప్లేటు నాకేనండోయ్" అనేవాడు.

ఆ పనిలో మీ తాతయ్యకి తోడు నేను కాదు, పెద్దమామ్మ. మీరు పెద్దమామ్మ అని పిలిచే సీతారావమ్మ వదిన, మీ తాతయ్యకి సొంత అక్క. పర్చూరు వైపు ఇచ్చారు. ముప్పై ఏళ్లకే భర్త పోతే, పిల్లల్లేరు గనక, తన రెండెకరాల పత్తి చేను తమ్ముడికి అప్పగించి మా దగ్గరికి వచ్చేసింది. అప్పటినుంచీ మా ఇంట్లోనే. మంచి మనిషి. అది ముందే చెప్తున్నాను, తర్వాత చెప్పడానికి నాకు నోరు రాదు.

బోల్టు ఏ సైజుదో ఆమె చేత్తో పట్టుకుని చెప్పేది. తన చేలో పత్తే తెప్పించి, దూదేకుల సాయిబు చేత ఏకించి, ఆ ట్రైలర్‌కి పరుపు కుట్టింది. కిటికీలకి పూల తెరలు కుట్టింది. మొదటి ప్రయాణం అరకు అని మీ తాతయ్య అనగానే గుంటూరు వెళ్లి, చలికాలంలో రోడ్డు పక్కన నేపాలీ వాళ్లు అమ్ముతారే, అక్కడ మెరూన్ రంగు స్వెట్టర్ కొనుక్కొచ్చింది.

"డెబ్భై ఏళ్లొచ్చాయే రాజ్యం. చలికి వణకడమంటే ఎలా ఉంటుందో ఎరగను. చేత్తో పట్టుకునేంత మంచు ఉంటుందటగా అక్కడ" అనేది. మిరపకాయలకి తొడిమలు తీస్తూ, ఘాటుకి తుమ్ముతూ, మంచు గురించి మాట్లాడేది. ఆమె నోరు తెరిచి ఏదైనా కావాలని అడగడం నేను చూసింది అదొక్కటే.

మంచం కొలత రోజు గురించి చెప్తాను. మీ తాతయ్య షెడ్డు సిమెంటు నేల మీద ట్రైలర్ మొత్తం అసలు కొలతల్లో గీశారు. మంచం ఎంత పొడవుండాలో తేల్చాలి. "నేను పడుకుంటాను, తల దగ్గరా పాదాల దగ్గరా గీత గియ్యి" అని నా చేతికి సుద్దముక్క ఇచ్చారు.

మా వైపు బతికున్న మనిషిని పడుకోబెట్టి కొలవరు. అలా కొలిచేది ఒక్కసారే, పాడె కట్టడానికి. మా నాయనమ్మ పురిటిబిడ్డకి గౌను కుట్టాలన్నా బిడ్డని భుజాన వేసుకుని నిలువునా కొలిచేది.

నాకు వీటి మీద నమ్మకం లేదని పైన రాశాను. అయినా ఆయన పడుకోబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాను. "మీరు వద్దండీ, మీకు నడుం పట్టేస్తుంది. వదిన మీ ఎత్తే కదా" అన్నాను. అక్కాతమ్ముళ్లిద్దరూ ఒకే పొడవు. ఆమె సన్నగా, వెదురుకర్రలా ఉండేది.

వదిన్ని కేకేశాను. చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ వచ్చి నవ్వుతూ పడుకుంది. ఆమెకీ తెలుసు ఆ ఆచారం. నా చేతిలో సుద్దముక్క చూసింది. చూసి కూడా, "మంచం నా కొలతకేనా?" అని అడిగింది.

"మీ కొలతకే వదినా" అన్నాను.

"ఒరేయ్ తమ్ముడూ, అయితే నువ్వు కారులో ముడుచుకోవాలి. లోపల మేమిద్దరం ఆడవాళ్లం" అంది. ఆయన నవ్వారు. నేను తల దగ్గర ఒక గీత, పాదాల దగ్గర ఒక గీత గీశాను. పక్కల కూడా గీశాను. బళ్లో నల్లబల్ల మీద గీసినట్టు, తిన్నగా.

ఆమెని తీసుకెళ్లే ఉద్దేశం నాకు అప్పుడే లేదు. పెళ్లయిన మూడో ఏడు నుంచీ మా ఇద్దరి మధ్యా ఆమె ఉంది. అయిదు రోజులు, ఒక్క అయిదు రోజులు, మీ తాతయ్యతో నేనొక్కదాన్నే ఉండాలనుకున్నాను. అది తప్పా అని మీరడగొచ్చు. అనుకోవడం తప్పు కాదేమో. నేను చేసింది వేరు.

బండి పూర్తయ్యాక రిజిస్ట్రేషన్‌కి బరువు చీటీ కావాలన్నారు. మిర్చి యార్డుకి వెళ్లే దారిలో వేబ్రిడ్జి ఉంది, లారీలు కాటా వేసేది. పరుపు తప్ప లోపల ఏమీ లేకుండా అక్కడ తూకం వేయించాం. నాలుగు వందల అరవై కేజీలు. ఆ చీటీ ఇప్పటికీ నా దగ్గరుంది. మీ తాతయ్య కట్టిన లెక్కకి సరిగ్గా సరిపోయింది. కారు ఇంకో రెండు వందల కేజీలు లాగినా ఇబ్బంది లేదు.

ఇంటికొచ్చి ఆ చీటీ వదిన ముందు పెట్టాను. నేను గొంతు పెంచి ఎరగనని మీకు తెలుసు. మెత్తగా చెప్పాను. "వదినా, అరకు ఘాటురోడ్డు. కాటా వేస్తే బరువెక్కువ వచ్చింది. మూడో మనిషి ఎక్కితే కారు లాగదట" అన్నాను. మెత్తగా చెప్పిన మాటకి ఎవరూ ఎదురు చెప్పలేరు. గట్టిగా అంటేనైనా పోట్లాడేదేమో.

ఆమె చీటీ తిప్పి తిప్పి చూసింది. చదువు రాదు. "నేనెంతే రాజ్యం? మొన్న ఆస్పత్రిలో చూస్తే నలభై. ఒక్క టిక్కీ బరువు" అంది. టిక్కీ అంటే యార్డుకి తెచ్చే మిరపకాయల బస్తా, ఇంచుమించు నలభై కేజీలుంటుంది.

"ఆ ఒక్క టిక్కీయే ఎక్కువ వదినా" అన్నాను.

మీ తాతయ్య గుమ్మంలోనే ఉన్నారు. విన్నారు. ఆ లెక్క కట్టిన మనిషే, చెప్పులేసుకుని షెడ్డులోకి వెళ్లిపోయారు. ఆమె స్వెట్టర్ తీసి నాకివ్వబోయింది, నువ్వేసుకో, చలిగా ఉంటుంది అని. నాకు వేరే ఉందన్నాను.

అది ఫిబ్రవరి నెలాఖరు, మన వైపు అప్పటికే ఎండలు మొదలు. మేం వెళ్లిన మూడో రోజు విజయ ఫోను చేసింది. మధ్యాహ్నం కూర ఇద్దామని వెళితే వదిన ఇంట్లో లేదట. షెడ్డులో కనిపించిందట. ట్రైలర్ తీశాక ఖాళీగా ఉన్న ఆ సిమెంటు నేల మీద, నేను గీసిన గీతల మధ్య, ఆ ఎండలో స్వెట్టర్ వేసుకుని పడుకుని ఉందట. నిద్రపోతోందనుకుని లేపిందట.

డాక్టరు గుండె అన్నాడు. డెబ్భై ఏళ్లు, వింతేం లేదు.

రాత్రంతా కారు నడుపుకుంటూ తిరిగొచ్చాం. మర్నాడు పాడె కట్టేవాళ్లు కొలత కోసం తాడు అడిగారు. విజయ మొగుడు షెడ్డులోకి చూసి, "మళ్లీ కొలవడమెందుకు, గీతలున్నాయిగా" అన్నాడు. పాపం, ఎగతాళికి అన్నది కాదు. ఆ గీతల మీదే వెదుర్లు పెట్టి కోశారు. సరిగ్గా సరిపోయింది. నేను చూస్తూ నిలబడ్డాను.

ఇంతవరకూ జరిగినదాంట్లో అర్థం కానిది ఏమీ లేదు. మా పాపం, అంతే.

మూడు నెలల తర్వాత ట్రైలర్ అమ్మేద్దామన్నారు మీ తాతయ్య. అరకు నుంచి వస్తుంటేనే బండి వెనక్కి లాగినట్టు అనిపించిందట ఆయనకి, అప్పుడు నాతో చెప్పలేదు. చిలకలూరిపేట నుంచి ఒకాయన కొంటానని వచ్చి బరువు చీటీ అడిగాడు. పాతది చూపిస్తే, కొత్తది కావాలన్నాడు. అదే వేబ్రిడ్జికి వెళ్లాం. మధ్యాహ్నం పన్నెండు గంటలు, చుట్టూ లారీలు, హమాలీలు. లోపల పరుపు తప్ప ఏమీ లేదు. పొద్దున నేనే ఊడ్చి తాళం వేశాను.

కాటా గుమాస్తా కిటికీలోంచి తల బయటికి పెట్టి, "అయిదు వందలండీ" అన్నాడు. మీ తాతయ్య పాత చీటీ చూపించారు. గుమాస్తా రెండూ పక్కపక్కన పెట్టి చూసి నవ్వాడు.

"లోపల టిక్కీ ఏదో మర్చిపోయినట్టున్నారు మాస్టారూ. దించి రండి, మళ్లీ వేద్దాం."

మీ తాతయ్య తాళం తీశారు. ఏమీ లేదు. కొనడానికి వచ్చినాయన కూడా తల పెట్టి చూశాడు. పరుపు మధ్యలో కాస్త దిగి ఉంది. దూది పరుపు కదా, దిగుతుంది. మళ్లీ కాటా వేశారు. అయిదు వందలు. ముందూ వెనకా వెళ్లిన లారీల బరువు సరిగ్గానే వచ్చింది. ఆ మనిషి మళ్లీ ఫోను చేస్తానని వెళ్లిపోయాడు.

మర్నాడు పత్తి మిల్లు వాళ్ల కాటా మీద వేయించాం. అయిదు వందలే.

మీ తాతయ్య పిచ్చిపట్టినవాడిలా వారం రోజులు కూర్చుని మొత్తం విప్పేశారు. రేకులో నీళ్లు చేరాయేమో, ప్లైవుడ్ తేమ పీల్చిందేమో అని. ఒక్క చుక్క తడి లేదు. యార్డులో బస్తాలు తూచే కాటా ఒకటి అద్దెకి తెచ్చి, ఒక్కో ముక్కా తూచారు. నేను పక్కన కూర్చుని నోట్‌బుక్కులో రాశాను. ఫ్రేము, యాక్సిల్, చక్రాలు, పలకలు, తలుపు, పరుపు, ఆఖరికి బోల్టుల సంచీ. కూడాను. మళ్లీ కూడాను. నాలుగు వందల అరవై. ఆ పేజీ మీకు ఫొటో తీసి పంపుతాను, మీరూ కూడండి.

ఆ ముక్కలే తిరిగి బిగించారు. కొత్త మేకు ఒక్కటి కొట్టలేదు. వేబ్రిడ్జికి తీసుకెళ్లాం. గుమాస్తా ఈసారి నవ్వలేదు. చీటీ చేతికిచ్చి కిటికీ మూసుకున్నాడు. అయిదు వందలు.

ఆ రోజు ఇంటికొచ్చాక మీ తాతయ్య చాలాసేపు షెడ్డులో కూర్చున్నారు. సాయంత్రం వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డారు. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"అది ఏమైనా కానీ రాజ్యం. చలికాలం రాగానే ఒక్కసారి అక్కయ్యని అరకు తీసుకెళ్దాం. మంచులో ఒక పూట ఉంచి వద్దాం. లోపల నువ్వు పడుకో, నేను కారులో ఉంటాను. తను అన్నట్టే" అన్నారు.

నేను పొయ్యి మీద పాలు చూస్తున్నాను. ఆ మంచం మీద, ఆ దిగిన చోటు పక్కన పడుకోవడం తలుచుకున్నాను. ఆలోచించి అన్నది కాదు, దానంతటదే వచ్చేసింది నోట్లోంచి, మెత్తగా.

"వద్దండీ. ఘాటురోడ్డు. బరువెక్కువ."

అన్నాక విన్నాను, ఏమన్నానో. ఆయన నావైపు ఒక్క క్షణం చూసి వెళ్లిపోయారు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఆ తర్వాత నాతో ఏ మాటా ఎక్కువగా లేదు.

ట్రైలర్ షెడ్డులోనే ఉంది. నాలుగు చీటీలూ బీరువాలో ఉన్నాయి. నాలుగు వందల అరవైది ఒక్కటి, అయిదు వందలవి మూడు. ఆ నలభై ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలియదు. లెక్కల టీచర్నయి ఉండి చెప్పలేకపోతున్నాను. దయ్యమని మాత్రం అనను. ఆమె బతికుండగా ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు.

మీరు తప్పకుండా రండి నాన్నా. హాల్లో నా పక్కన పడుకుందురుగాని. ఆ బండిలో చోటు లేదు.