బాగ్‌బేరా మేడ మీద తెల్లరంగు

2024 ఏప్రిల్. జంషెడ్‌పూర్‌లో కూల్ రూఫ్ పెయింట్లు వేసే ఒక చిన్న కంపెనీలో సైట్ సూపర్‌వైజర్‌గా చేరి అప్పటికి నెల కాలేదు. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటి మనిషిని నేనే. కద్మాలో కూరలమ్మే ఆవిడకైనా సరే, ఆ ముక్క చెప్పకుండా మా అమ్మ బేరం మొదలెట్టదు. అలాంటిది ఒక ఇల్లు పూర్తిగా నా చేతికిచ్చేరంటే నా సంతోషం ఏటని చెప్పను!

ఆ ఇల్లు బాగ్‌బేరాలో, రైల్వే యార్డు పక్కన. రైలు గార్డుగా రిటైరైన అప్పారావు గారిది. మేడ మీద ఒకటే గది, అందులో కొడుకు, కోడలు, పసిపాప. శ్లాబు వేడికి పాప ఒళ్లంతా చెమటకాయలు. కోడలు గీత ఇక్కడే పుట్టి పెరిగింది. మనం తెలుగులో అడిగితే హిందీలో చెప్తాది.

"ఊపర్ భట్టీ హై, దీదీ," అంది. పైన కొలిమేనట. చల్లబడకపోతే పాపని తీసుకుని పుట్టింటికి ఎలిపోతానంది.

అప్పారావు గారు నన్ను పక్కకి పిలిచేరు. "అమ్మాయ్, మనవరాలు ఎలిపోతే నేనూ మా ఆవిడా ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకోవాల. అది నావల్ల కాదు."

"నావల్ల అవుద్దేటి?" అని వంటింట్లోంచి ఆవిడ.

రిఫ్లెక్టివ్ పెయింట్ అంటే మరేం లేదు, ఎండని శ్లాబులోకి దిగనీకుండా వెనక్కి కొట్టే తెల్లరంగు. పసిపాప ఉంది కదాని నీళ్లలో కలిపే రకం తెచ్చేం, ఘాటు వాసన ఉండదు. శ్లాబు కడిగించి, బీటలు పూడ్చి, ప్రైమర్ కొట్టించి, పైన రెండు పూతలు వేయించేను. ఐఆర్ గన్ అని ఉంటాది, గురిపెడితే వేడెంతో చెప్తాది. సీలింగుకి పెడితే అంకె బాగా దిగింది. పాప మధ్యాహ్నం హాయిగా పడుకుంది. ఆ కబురు ఇంటికెళ్లి అమ్మకి రెండుసార్లు చెప్పేను.

మే నెలలో అప్పారావు గారి ఫోను. "అమ్మాయ్, మీ రంగు పనైపోనాది. గది మళ్లీ కాలిపోతంది. కోడలు సూట్‌కేసు దింపేసింది. బేగి రా!"

స్కూటీ మీద పరిగెత్తేను. గన్ పెడితే నిజమే. రంగు పెచ్చులూడిందేమో, కలిపిన నీళ్లెక్కువైపోయేయేమో అనుకుంటూ మెట్లెక్కేను. తెలుపన్నది ఎక్కడా లేదు. ఈ కొసనుంచి ఆ కొసదాకా నల్లటి టార్పాలిన్, మూలల్లో ఇటుకలు.

"ఇదేటండీ తాతగారూ?"

"ఫ్యాక్టరీల మసి పడతంది కదా! అంత తెల్లటి రంగు మాసిపోద్దని కప్పినాను," అన్నారు, మెచ్చుకుంటానని చూస్తూ.

"కొత్త ఫ్రిజ్జుకి ఇప్పటికీ అట్టపెట్టె ఊడదీయనివ్వడు. దీన్ని వదుల్తాడా?" అని కిందనుంచి ఆవిడ.

నవ్వాగలేదు నాకు. "ఆ రంగు ఎండ తగిల్తేనే పని చేత్తాది తాతగారూ. మసి పడితే నీళ్లు కొట్టి తుడవండి, చాలు."

ఇద్దరం కలిసి టార్పాలిన్ లాగేసేం. మర్నాటికి అంకె దిగింది. గీత మాత్రం సూట్‌కేసు గుమ్మం దగ్గరే ఉంచి, ఇంకో వారం చూసింది. ఆ తర్వాతే మళ్లీ అటకెక్కించింది.

రంగు ఎలా పని చేత్తాదో చదువుకున్నాను గానీ, మనోళ్లు బాగున్న వస్తువుని ముందు దాచుకుంటారని ఈ ఇంట్లోనే తెలిసింది. ఇప్పుడు పని అవగానే ఇంటివాళ్లని మేడ ఎక్కించి, "దీన్నిప్పుడు ఏం చేత్తారు?" అని అడుగుతున్నాను. మొన్న కాసిడీహ్‌లో ఒకావిడ, ఎర్రమట్టితో అలికి ముగ్గేత్తానన్నాది. అలకొద్దు, తెల్లముగ్గు ఎంత పెద్దదైనా వేసుకోమన్నాను.