మరక లేని పుస్తకం

ఇరవై రెండేళ్లుగా ఒక నోటుపుస్తకం నా గుండెల మీద ఉంది. అది నాది కాదు. ఈ సంగతి నా భార్యకు కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను, ఎందుకంటే మీరు నన్ను ఎరగరు. అంతకు మించిన ధైర్యం నాకు లేదు.

గుంటూరులో ఒక కాలేజీలో పాఠాలు చెబుతాను. చదువు పూర్తయ్యేలోపు పిల్లలను గోదాములకూ జిన్నింగు మిల్లులకూ పంపి, పని అంటే ఏమిటో తెలిసేలా చేసే బాధ్యత నాది. పంపే ముందు ఒక క్లాసు తీసుకుంటాను. నేను విద్యార్థిగా మిరప గోదాములో నెల్లాళ్లు పనిచేసిన కథ అందులో చెబుతాను. కాయ ఎండిందో లేదో తెలియాలంటే చెవి దగ్గర పెట్టి ఆడించాలి, లోపల గింజ గలగలమనాలి అని ఆడించి మరీ చూపిస్తాను. పిల్లలు నోరు తెరుచుకుని వింటారు. అంత బాగా చెప్పగలుగుతున్నందుకే నా మీద నాకు అసహ్యం.

ఎందుకంటే నేను ఆ గోదాములో ఉన్నది ఒక్క పూట.

పీజీ రెండో ఏడాదిలో, ప్రాజెక్టు కోసం నన్నూ నా క్లాసులోని ఒక అమ్మాయినీ నల్లపాడు దగ్గర ఒక మిరప గోదాముకు పంపారు. ఆమె అసలు పేరు రాసే హక్కు నాకు లేదు. వాణి అందాం. మొదటి రోజు, తొడిమలు తీసే ఆడవాళ్ల మధ్యకు వెళ్లగానే ఘాటు నెత్తికెక్కింది. కళ్లు మండి, దగ్గి దగ్గి, గోడకు ఆనుకుని కూలబడ్డాను. వాణి తన నీళ్ల సీసా ఇచ్చింది. మధ్యాహ్నమే బస్సెక్కి ఇంటికొచ్చేశాను. మళ్లీ వెళ్లలేదు. గోదాము యజమాని మా మేనమామకు స్నేహితుడు. నెలాఖరుకు నా హాజరు కాగితం సంతకంతో సహా ఇంటికే వచ్చింది.

వాణి మాత్రం నెల్లాళ్లూ వెళ్లింది. ఆ ఆడవాళ్ల పక్కనే కూర్చుని తొడిమలు తీసింది, రంగు పోయిన తాలు కాయలు ఏరింది, వాళ్లు చెప్పిందల్లా ఏ రోజుకారోజు రాసుకుంది. నెల పూర్తయ్యాక, ఎలా రాయాలో ఒకసారి చూసి ఇచ్చేస్తానని నేనంటే, మారుమాట లేకుండా పుస్తకం నా చేతిలో పెట్టింది. ఆదివారం కూర్చుని మొత్తం దించేశాను. ముక్కుకు చున్నీ కట్టుకున్నానని ఆమె రాసిన చోట నేను తువ్వాలు అని మార్చాను. ఆ ఒక్క మార్పుకే ఎంత మురిసిపోయానో! ఆమెది ఆమెకు తిరిగిచ్చి, ఆమె కన్నా రెండు రోజుల ముందే నా పుస్తకం కాలేజీలో ఇచ్చేశాను.

ప్రాజెక్టులు దిద్దే మాస్టారు నన్నొక్కణ్ణే పిలిచారు. బల్ల మీద రెండు పుస్తకాలూ ఉన్నాయి. ఆమె పుస్తకం నిండా ఎర్రటి వేలిముద్రలు, అంచులు నలిగిపోయి, తెరిస్తే తుమ్మొచ్చేలా ఉంది. నాది తెల్లగా, మరక లేకుండా ఉంది.

"ఏమయ్యా, రెండూ ఒకేలా ఉన్నాయే! ఎవరిది చూసి ఎవరు రాశారు?"

నేను ఆమె పుస్తకం మీది ఎర్రటి వేలిముద్రలనే చూస్తున్నాను.

"నీది ముందే వచ్చింది. శుభ్రంగా కూడా ఉంది. ఆ అమ్మాయికి గానీ ఇచ్చావా?"

"చూస్తానంటే ఇచ్చానండి."

రెండే మాటలు. వాణిని పిలిచి అడగనైనా అడగకుండా ఆమె ప్రాజెక్టు కొట్టేశారు. మరుసటి ఏడాది మళ్లీ చేయమన్నారు. అప్పటికే ఒక విత్తనాల కంపెనీవాళ్లు ఆమెను ఎంపిక చేసి, పాసైన కాగితం తెచ్చుకుని చేరమన్నారు. ఊరూరూ తిరిగి రైతులతో మాట్లాడే ఉద్యోగం, ఆమె కోరుకున్నదే. అది పోయింది. నా మార్కులు మాత్రం తర్వాత ఈ కాలేజీలో నా ఉద్యోగానికి పనికొచ్చాయి.

ఆ వారంలో మెట్ల మీద ఎదురైంది. తిడుతుందనుకున్నాను. నా ముఖంలోకి చూసి, "దగ్గు తగ్గిందా?" అంది. అంతే, దిగి వెళ్లిపోయింది.

మాస్టారే ఆ జవాబు నా నోటికి అందించారని చాలా ఏళ్లు సరిపెట్టుకున్నాను. గోదాములో నెల్లాళ్లు తిరిగిన పుస్తకం అంత తెల్లగా ఎలా ఉంటుందో ఆయనకు తట్టలేదేం, అని ఆయన మీదే కోపం తెచ్చుకున్నాను. ఆయన మెల్లగా, నిదానంగా అడిగి ఉంటే మాత్రం నిజం చెప్పేవాణ్ణా? చెప్పేవాణ్ణి కాదు. నాకు తెలుసు.

ఈ ఏడాది గోదాము నుంచి తిరిగొచ్చిన ఒక అమ్మాయి క్లాసులో లేచి నిలబడింది.

"సార్, మీరు చెప్పినట్టే ఆడించి చూపిస్తే అక్కడి ఆడోళ్లు నవ్వారు సార్. పై కాయ ఎప్పుడైనా మోగుద్దంట. బస్తా మధ్యలోకి చెయ్యి దూర్చి తీసిన కాయ మోగాలంట. మీకు అప్పుడు చెప్పలేదా సార్?"

కాయ ఆడించడం గురించి వాణి రాసిన పేజీ కళ్ల ముందుకొచ్చింది. అడుగున, ఎర్రటి మరక మీద, పెన్సిలుతో ఇరికించి రాసిన ఒక వాక్యం. 'బస్తా మధ్య' అన్నంత వరకే కనబడింది. మిగతాది కూడబలుక్కుని చదవడానికి బద్ధకించి వదిలేశాను. ఆమె పుస్తకంలో ఉన్నదీ, నా పుస్తకంలో లేనిదీ ఆ ఒక్క వాక్యమే. దాని అర్థం ఏమిటని మాస్టారు మా ఇద్దరినీ అడిగి ఉంటే చాలు, ఎవరు గోదాములో ఉన్నారో ఆ క్షణమే తేలిపోయేది.

"చెప్పే ఉంటారమ్మా, మర్చిపోయాను," అన్నాను. పిల్లలు నవ్వారు. ఇన్నేళ్ల తర్వాత కూడా అబద్ధం అంత తేలిగ్గా వచ్చింది.

వాణి ఎక్కడుందో కనుక్కోవడం కష్టమేమీ కాదు. నేను కనుక్కోలేదు. దొరికితే ఏం అడగను? క్షమించమనా? ఆమె పోగొట్టుకున్నది నా దగ్గర లేదు, తిరిగి ఇవ్వడానికి. వచ్చే ఏడాది పిల్లల ముందు ఆ కథ చెప్పకుండా ఉండగలనేమో గానీ, ఎందుకు మానేశానో చెప్పగలనో లేదో తెలియదు.

మాస్టారు ఇప్పుడు లేరు. అయినా ఆయన అడిగినదానికి జవాబు రాస్తున్నాను. ఆమె నాది చూసి రాయలేదండీ. నేనే ఆమెది చూసి రాశాను.

ఊపిరి కాస్త ఆడుతోంది.