బాపు నోట నా పేరు

చనిపోయిన అమ్మ మీద ఒట్టు పెట్టకూడదంటారు. నేను పెడుతున్నాను. ఇది జరిగింది. నమ్మకపోతే మీ ఇష్టం.

మాది పోచంపల్లి. బాపు, అంటే మా నాన్న, చీరలు నేసేవాడు. కిందటేడు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. మాట కూడా పోయింది.

"ఏం చెప్పాల్నో ఆయనకు ఎరుకేనమ్మా. మాటలు కూర్చి నోటికి పంపే జాగా మెదడుల దెబ్బతిన్నది. రోజూ పలికియ్యి," అన్నాడు దవాఖానలో డాక్టరు.

పలికించాను. అన్నం ముద్ద చేతిలో పట్టుకుని, "బాపూ, సరిత అను" అని బతిమాలేదాన్ని. పెదవులు వంకర్లు పోయేవి. "ఆఁ... ఆఁ..." అంతే. ఎత్తింది నేను, కడిగింది నేను. అక్కలు పండగకొచ్చి, కాసేపు ఏడ్చి, బస్సెక్కేవారు. నాకు కావలసింది ఒక్కటే, ఆ నోట నా పేరు.

ఆ రాత్రి కరెంటు పోయింది. ఉక్కకు మెలకువ వచ్చింది. పక్కన బాపు లేడు. మగ్గం గదిలో... మాటలు.

బాపు గొంతే. తడబాటు లేదు.

"పోగియ్యి... గా పోగు కాదు, ఎర్రది."

ఆగాడు. ఎవరో ఏదో చెబుతుంటే విన్నట్టు... "ఊఁ" అన్నాడు.

మగ్గం మీద కొత్త పడుగు, అంటే నిలువు పోగులు, అతకడానికి ఇద్దరు కావాలి. ఒకరు పోగు అందిస్తే ఇంకొకరు అతుకుతారు. మా ఇంట్లో అందించేది అమ్మ.

తలుపు సందులోంచి చూశాను. కిటికీలోంచి పడ్డ వెన్నెల్లో బాపు ఎడమచేతి వేళ్ళ మధ్య ఒక పోగు. దాని అవతలి కొస చీకట్లో ఉంది. వదులుగా ఉన్న ఆ పోగు... మెల్లగా... బిగిసింది. అటు మనిషన్నవాడు లేడు.

అప్పుడన్నాడు.

"సరిత పండిందా?"

భయమో, కోపమో. లోపలికి ఉరికాను.

"బాపూ, నేనే సరితను. ఇంకొక్కసారి అనవా."

పోగు ఆయన ఒళ్ళో పడింది. నా ముఖంలోకి చూశాడు. నోరు తెరిచాడు.

"ఆఁ... ఆఁ..."

డాక్టరుకు చెప్పాను. "బాగ అలవాటైన మాటలు వేరే తొవ్వల వస్తయమ్మా, ఆలోచన లేకుండనే," అన్నాడు. కావచ్చు. నా చిన్నప్పుడు రోజూ రాత్రి, నేను నిద్రపోయానా అని అమ్మను అదే మాట అడిగేవాడు. అయితే ఆయన తలుచుకున్నది నన్ను కాదు. నోరు దానంతటదే అన్నది. అలా కాకపోతే... ఆయన దగ్గర మాట ఉంది. అమ్మకే ఇచ్చాడు.

ఏది నిజమో నాకిప్పటికీ తెలీదు. కరెంటు పోయిన రాత్రుల్లో మాత్రం లోపలికి పోను. నన్ను చూస్తే మాట ఆగిపోతుందని, గడప బయటే కూర్చుంటాను.