మావయ్య కత్తికి ఏడు రాళ్ళు

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. లోకంలో ఏ పని చెడినా, ఎక్కడో ఎవరో లెక్క తప్పడం వల్లే చెడిందని. నా లెక్కలు బళ్ళో నేర్చుకున్నవి కావు. తొమ్మిదో తరగతితో చదువు ఆగాక, పాత పుస్తకాల కొట్టులో దొరికిన అట్టలేని పుస్తకం ముందేసుకుని సొంతంగా నేర్చుకున్నవి. అలా నేర్చుకున్నవాడికి తనకి తెలిసింది కనబడ్డవాళ్ళందరికీ చెప్పే జబ్బు ఒకటి, తెలియనిదంటూ లేదనుకునే జబ్బు ఇంకొకటి ఉంటాయి. నాకు రెండూ నిండుగా ఉండేవి. ఫిషింగ్ హార్బర్‌లో ఒక ఐస్ ప్లాంటులో దిమ్మలు లెక్కపెట్టే ఉద్యోగం. ఇంటికొచ్చాక కూడా ఆ అలవాటు ఆగేది కాదు. మెట్లు, ఇడ్లీలు, మా మావయ్య దగ్గులు అన్నీ లెక్కే. (దగ్గులు పెరుగుతున్నాయని ఇంట్లో అందరికన్నా ముందు నాకే తెలుసు. తెలిసి చేసిందేమీ లేదు. పుస్తకంలో రాసుకున్నాను, అంతే.)

మావయ్య అంటే మా అమ్మ తమ్ముడు. వన్ టౌన్‌లో, పోర్టుకి పోయే దారిలో, ఆయనకి రెండు కుర్చీల సెలూన్ ఉండేది. పిల్లలు లేరు. రెండో కుర్చీ నాకు అప్పగిద్దామని పద్నాలుగో ఏట నన్ను పల్లె నుంచి తెచ్చుకున్నాడు. నేను కత్తి పట్టకుండా పెన్సిలు పట్టాను. ఆయన ఆ కుర్చీ దగ్గర ఇంకెవరినీ పెట్టలేదు. దాని మీద తువ్వాళ్ళు ఆరేసేవాడు. తర్వాత రోగాల భయం వచ్చి ఊళ్ళో సెలూన్లన్నీ సగం బ్లేడు పెట్టే కత్తులకి మారాయి. ఆయనా మారాడు. పని నేర్పినవాళ్ళు ఇచ్చిన పాత మడత కత్తిని మాత్రం నూనె గుడ్డలో చుట్టి బీరువాలో దాచాడు.

ఆ ఏడాది వానలు మొదలయ్యాక ఆసుపత్రి వాళ్ళు మావయ్యని ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఆ మాటకి అర్థం లెక్కలు రానివాళ్ళకి కూడా తెలుస్తుంది. నలభై ఏళ్ళు ఊరివాళ్ళ గడ్డాలు గీసిన మనిషి మొహం మీద తెల్లటి గడ్డం పెరగడం మొదలైంది. పక్క సెలూన్ ఆయన స్నేహం కొద్దీ బ్లేడు కత్తి పట్టుకుని వస్తే, మావయ్య గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆయన వెళ్ళిపోయాక నన్ను మంచం దగ్గరికి పిలిచాడు.

“సగం బ్లేడుతో గీకించుకుని నానెల్లనురా అల్లుడూ. నా కత్తి తియ్యి. సానబట్టు. నువ్వే గియ్యాలి.”

ఎక్కడికి వెళ్ళడమో నేను అడగలేదు. ఎన్నాళ్ళు టైముందో మాత్రం మనసులో లెక్కేశాను. నా అంచనా ప్రకారం పన్నెండు రోజులు.

కత్తి తీసి చూస్తే అంచు మొద్దుబారి ఉంది. ఆయన సానరాయి మీద మా అత్త ఏళ్ళ తరబడి చేపల కత్తిపీట నూరి, మధ్యలో దొప్పలా చేసేసింది. కొత్తది కావాలి. పుస్తకం తెరిచాను. సానరాళ్ళకి నంబర్లుంటాయని, నంబరు పెరిగేకొద్దీ రాయి నునుపని తెలుసు. ఒక్కో రాయి ముందుదానికి రెట్టింపు నునుపుగా ఉంటే పదును మెట్లెక్కినట్టు ఎక్కుతుంది కదా అని, నూట ఇరవై అయిదు దగ్గర మొదలుపెట్టి రెట్టిస్తూ పోతే ఎనిమిది వేలకి ఏడు రాళ్ళు తేలాయి. ఆ లెక్క ఎంత అందంగా కుదిరిందంటే, అది తప్పయ్యే అవకాశం ఉందని నాకు తోచలేదు.

పూర్ణా మార్కెట్‌లో కత్తులూ రాళ్ళూ అమ్మే ముసలాయన నా చీటీ అటూ ఇటూ తిప్పి చూశాడు. “గడ్డం కత్తికి ఇన్నేటి బాబూ? రెండు సాలు. ఒకటి పదును తేడానికి, ఒకటి నునుపు సేడానికి. మిగతాది తోలు పట్టా సూసుకుంటాది.” ఆ రెండూ ఏ నంబర్లని అడిగితే, బొటనవేలు రాతి మీద రాసి, ఇదీ, ఇదీ అని చూపించాడు. సరుకు వద్దని చెప్పే కొట్టువాణ్ణి చూస్తే నాకు గౌరవం కలగాలి. పాపం లెక్కలు రావని జాలి కలిగింది. అయిదు రాళ్ళు అక్కడ కొని, మిగతా రెండూ ఓడల సామాన్లు అమ్మే కొట్లో వెతికి పట్టుకొచ్చాను.

ఇక కోణం. ఐస్ ప్లాంటు ఫిట్టరు ఏ పనిముట్టుకైనా ఇరవై డిగ్రీలుండాలన్నాడు. కత్తి వెడల్పు, వెనకవైపు వెన్ను మందం కొలిచి చూస్తే, రాతి మీద పడుకోబెడితే ఆ కోణం రావడం లేదు. అందుకని వెన్ను పొడుగునా అటొకటి ఇటొకటి రాగి తీగ ముక్కలు పెట్టి టేపు చుట్టాను. పెరట్లో నీళ్ళ గోలెం పక్కన కూర్చుని రాయికి వంద చొప్పున, పూటకి ఏడు వందల లాగుళ్ళు. టేపు మొదటి రోజే అరిగిపోయి తీగ రాతికి రాసుకుంటూ కీచుమనేది. లోపల్నుంచి మావయ్య, ఊపిరి కూడదీసుకుని, ఆ సప్పుడు తప్పురా అనేవాడు. లెక్క సరిగ్గానే ఉంది మావా అని ఇక్కణ్ణుంచి నేను. తెల్లారి నా చెంప మీదే పరీక్ష. కత్తి వెంట్రుకని వదిలేసి చర్మాన్ని పట్టుకునేది. ప్లాంటులో దిమ్మలు మోసేవాళ్ళు, ఏటి బావ, పిల్లిని పెంచుతన్నావా అని అడగడం మొదలుపెట్టారు. రోజులు మాత్రం సరిగ్గా లెక్క ప్రకారమే తరుగుతున్నాయి.

తొమ్మిదో రోజు మావయ్య తనని పెరట్లోకి తీసుకెళ్ళమన్నాడు. ఎత్తుకుంటే నలభై కిలోలు లేడు. (ఆ అంకె కూడా రాసుకున్నాను, ఎందుకో తెలీదు.) పీట మీద కూర్చోబెట్టి కత్తి చేతికిచ్చాను. రాగి తీగని వేలితో తడిమాడు.

“ఏటిరా ఇది?”

“ఇరవై డిగ్రీల కోసం మావా.”

నవ్వాడు. నవ్వు దగ్గయింది. అది తగ్గడానికి చాలాసేపు పట్టింది. “కత్తి సేసినోడు లెక్క దాని ఒంట్లోనే పెట్టేసినాడురా. ఎన్ను రాయికి ఆనితే, అంచు ఎక్కడ ఆనాలో అక్కడే ఆనతాది. ఆ తీగ పీకెయ్.”

వెన్నంటే కత్తి మందంగా ఉండే వెనకవైపు. దాన్ని నేను తొమ్మిది రోజులుగా గాల్లో లేపి పట్టుకున్నాను. ఆయన ఏడు రాళ్ళ మీదా బొటనవేలు రాసి, నంబరు చూడకుండా, నాలుగోదీ ఏడోదీ ఉంచి మిగతావి పక్కకి తోసేశాడు. పూర్ణా మార్కెట్ ముసలాయన వేలితో చూపించినవీ అలాంటివే. నా మణికట్టు పట్టుకుని, వెన్నూ అంచూ రెండూ ఆనేలా కత్తిని పడుకోబెట్టించి లాగించాడు. కీచు పోయింది. ఎన్నిసార్లు లాగాలని అడిగాను. సప్పుడు మారీదాకా అన్నాడు. సుమారుగా చెప్పమన్నాను.

“నోర్మూసుకుని ఇనరా.”

మధ్యాహ్నం దాటాక ఆ చప్పుడు మారింది. గరగర తగ్గి, తడి కాగితం మీద వేలు రాసినట్టయింది. అది నాకూ వినబడింది.

మర్నాడు పొద్దున్న సెలవు పెట్టి, కిటికీ పక్కన మంచం లాగి, సబ్బు నురగ రాశాను. చర్మం ఎటు సాగదీయాలో ఆయన వేలితో చూపిస్తున్నాడు. ఎడమ చెంప అయ్యేసరికి నా చొక్కా తడిసిపోయింది. చెంప తడుముకుని చూసుకున్నాడు. “ఒక్క సోట ఉండిపోనాది. పర్నేదు. రెండో కుర్చీ కాడ నిలబెట్టొచ్చు నిన్ను.” తర్వాత, కళ్ళు మూసుకుపోతన్నాయి, కాసేపాగరా అన్నాడు. ఆగాను. ఊరికే ఉండలేక, కిటికీ ఊచకి కట్టిన తోలు పట్టా మీద కత్తి తిప్పుతూ లెక్కపెడుతున్నాను. నలభై ఒకటి దగ్గరుండగా అత్త వేడినీళ్ళ చెంబుతో వచ్చి, మంచం వైపు చూసి, చెంబు నెమ్మదిగా కింద పెట్టింది.

“ఆపరా,” అంది.

నా జీవితంలో మధ్యలో వదిలేసిన లెక్క అదొక్కటే.

మనుషులు రాకముందే అత్త మళ్ళీ నా దగ్గరికొచ్చి, “సగం గడ్డంతో పంపుతావేటి మీ మావని?” అంది. ఆరిపోయిన నురగ తుడిచి కొత్తది రాసి, కుడి చెంప గీశాను. ఎటు సాగదీయాలో ఈసారి చూపించేవాళ్ళు లేరు. ఎన్నిసార్లు కత్తి పెట్టానో తెలీదు. అయ్యాక అత్త రెండు చెంపలూ అరచేత్తో తడిమి, కుడిదే నున్నగా ఉందంది. “బతికుంటే ఆయన ఒప్పుకునేవోడు కాదు,” అని అప్పుడు ఏడ్చింది.

ఇప్పుడు నాకు యాభై దాటాయి. పక్కకి తోసేసిన అయిదు రాళ్ళలో ఒకటి మీద అత్త ఇప్పటికీ కత్తిపీట నూరుతుంది. మిగతా నాలుగూ బీరువా కాళ్ళ కింద పెడితే ఎత్తు సరిగ్గా సరిపోయింది. మావయ్య కత్తితో నా గడ్డం నేనే గీసుకుంటాను. ప్రతి ఆదివారం ఆయన ఏరిన రెండు రాళ్ళూ నీళ్ళలో నానేసి, ఇవాళైనా లాగుళ్ళు లెక్కపెట్టకూడదనుకుంటూనే, ఒకటి, రెండు అంటూ మొదలుపెట్టేస్తాను. ముప్పైకీ నలభైకీ మధ్య ఎక్కడో లెక్క తప్పిపోతుంది. తప్పిన చోట ఆగి వింటే చప్పుడు మారి ఉంటుంది. (ప్రతిసారీ కాదు. పదింట ఏడుసార్లు. రాసిపెట్టుకున్నాను.)