నమూనా ఇంటి ఎదుట రొయ్యల గంపలు

నేను రొయ్యల పచ్చడి పెట్టి అమ్ముతాను. నెల్లూరు నుంచి మైపాడు బీచికి పోయే దారిలో, సముద్రపు హోరు వినబడేంత దూరంలో మా ఇల్లు. మా ఆయన తడ దగ్గర ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. అక్కడే గది తీసుకుని ఉంటూ సెలవు దొరికినప్పుడు వస్తాడు. ఇంట్లో ఉండేది నేనూ మా అత్తా. మా అత్త వయసులో ఉన్నప్పుడు చేపల గంప నెత్తిన పెట్టుకుని నెల్లూరు వీధుల్లో తిరిగి అమ్మిన మనిషి. బేరంలో ఆమెను గెలిచినవాళ్లు లేరని మా వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

మొదట్లో పచ్చడి పని నేనొక్కదాన్నే చేసేదాన్ని. తర్వాత వీధిలోని ఆడవాళ్లు నలుగురు నాతో కలిశారు. వాళ్ల మగవాళ్లందరూ పడవల మీద వేటకు పోయేవాళ్లు. వేట లేని రోజుల్లో ఈ పనే వాళ్లకు ఆసరా. పని పెరిగేకొద్దీ చోటు చాలలేదు. రొయ్యలు వలిచేది ముందు వసారాలో, కడిగేది వెనక పెరట్లో, పొయ్యి మధ్యగదిలో. ఇల్లంతా తడి, ఇల్లంతా వాసన. అందుకే పెరట్లో ఒక షెడ్డు కట్టించాలనుకున్నాం. కూర్చుని పనిచేసుకోవడానికి ఎత్తైన గట్టు, రెండు కుళాయిలు, కడిగిన నీళ్లు పోవడానికి కాలవ, చివర ఇంకుడు గుంట, పైన రేకుల కప్పు. మేం అడిగింది అంతే.

కాంట్రాక్టరు మా చుట్టుపక్కల ఊళ్లలో బాగా తెలిసినవాడు. టేపు పెట్టి పెరడంతా కొలిచి, పుల్లతో ఇసుకలో గీత గీసి చూపించాడు.

"నీ షెడ్డు నాకు ఎంత పనక్కా. వానలు రాకముందే తాళం నీ చేతిలో పెడతా" అన్నాడు.

మొదట్లో పని నిజంగానే చకచకా సాగింది. పునాది పడింది. నాలుగు మూలలా స్తంభాలు లేచాయి. గోడలు కిటికీల ఎత్తుకు వచ్చాయి. ఆ గోడలు చూసి మురిసిపోయి, అనుకున్న డబ్బులో ఎక్కువ భాగం ఆయన అడిగినప్పుడే ఇచ్చేశాం. తర్వాతి వారం పనివాళ్లు సగమే వచ్చారు. ఆ తర్వాత ఎవరూ రాలేదు.

ఫోన్ చేస్తే ఒకసారి కూలీలు ఊరికి పోయారన్నాడు. ఇంకోసారి సిమెంటు రాలేదన్నాడు. ఏం చెప్పినా చివర్లో "రేపొస్తా అక్కా" అనేవాడు. కొన్నాళ్లకు ఫోన్ ఎత్తడం కూడా మానేశాడు. ఉప్పుగాలికి స్తంభాల మీది కమ్మీలు తుప్పు పట్టి ఎర్రబడ్డాయి.

అంతలో వానలు మొదలయ్యాయి. వాయుగుండం పట్టిందంటే మా వైపు వాన ఒక పట్టాన వదలదు. తెచ్చి పోసిన ఇసుక కొట్టుకుపోయింది. ఇంకుడు గుంట కోసం తవ్విన గొయ్యి నీళ్లతో నిండిపోయింది. ఒక పొద్దున పక్కింటావిడ మేక అందులో పడింది. అందరం కలిసి దాన్ని పైకి లాగేసరికి మా చీరలన్నీ బురద. మేక బతికింది. పక్కింటావిడ దాన్ని తుడుస్తూ, "ఈసారి మనిషి పడతాది, చూస్తా ఉండు" అంది. మా అత్త రోజూ ఆ గొయ్యి పక్క నుంచే నడుస్తుంది. ఆ మాట నా గుండెలో ముల్లులా దిగింది.

నెల్లూరులో ఒక దుకాణం ఆయన మా పచ్చడి రుచి చూసి, ప్రతి నెలా తీసుకుంటానన్నాడు. అయితే ముందు మేం పనిచేసే చోటు చూడాలన్నాడు. ఆయన వచ్చేసరికి సగం గోడల మధ్య టార్పాలిన్ పట్ట కట్టుకుని, దాని కింద ఒంగి కూర్చుని రొయ్యలు వలుస్తున్నాం. పట్టలో నిలిచిన నీళ్లు ఆయన భుజం మీద పడ్డాయి. మర్యాదస్తుడు, తుడుచుకుని పక్కకు జరిగాడు. పోతూ పోతూ, "షెడ్డు పూర్తయ్యాక ఒక మాట చెప్పండమ్మా, అప్పుడు చూద్దాం" అన్నాడు. ఆ రోజు మా ఐదుగురిలో ఎవరమూ సరిగా అన్నం తినలేదు.

ఊళ్లో ఒక పెద్దమనిషి ఉంటే ఆయన దగ్గరికి పోయి చెప్పుకున్నాం. ఆయన కాంట్రాక్టరును పిలిపించాడు. నలుగురిలో కూర్చున్నాక కాంట్రాక్టరు కొత్త మాట తీశాడు.

"మనం అనుకున్నది గోడల వరకే కదక్కా. కప్పు వేరే లెక్క."

"గోడల వరకే కట్టించుకుని మేమేం చేసుకుంటాం అన్నా? కప్పు లేని షెడ్డు ఎవరైనా అడుగుతారా?" అన్నాను.

పెద్దమనిషి గొంతు సవరించుకుని ఇద్దరం కొంచెం కొంచెం సర్దుకోవాలన్నాడు. బయటికి వచ్చాక తెలిసింది, ఆయన కొడుకు ఇంటి మీద మేడ కూడా ఈ కాంట్రాక్టరే వేస్తున్నాడని.

మా ఆయన ఫోన్లో, "పోనీలేమే, వాడితో మనకెందుకు? ఇంకో మేస్త్రీని చూసుకుందాం" అన్నాడు. మంచికే చెప్పాడు. కానీ ఇంకో మేస్త్రీకి మళ్లీ మొదటి నుంచీ ఇవ్వడానికి మా దగ్గర ఏముంది? అంతకంటే, ఆ కాంట్రాక్టరు మమ్మల్ని చూసి ఏమనుకున్నాడో నాకు అర్థమైంది. మగవాడు ఊళ్లో లేని ఇల్లు, ఇద్దరు ఆడవాళ్లు, నాలుగు రోజులు అరిచి ఊరుకుంటారులే అనుకున్నాడు. నేను అరవదలచుకోలేదు. ఊరుకోదలచుకోనూ లేదు.

ఆ రోజుల్లోనే మా కాంట్రాక్టరు నెల్లూరు రోడ్డు పక్కన వరసగా ఇళ్లు కడుతున్నాడు. ముందు ఒకటి పూర్తిగా కట్టి, రంగులేసి, పూలకుండీలు పెట్టి, కొనేవాళ్లకు చూపించడానికి ఉంచాడు. ఆదివారం వచ్చిందంటే నెల్లూరు నుంచి కార్లు వస్తాయి. షామియానా వేసి మజ్జిగ ఇస్తారు. మా కూలీలు ఏ ఊరికీ పోలేదు, అక్కడే ఉన్నారు.

ఒక ఆదివారం పొద్దున రొయ్యలు తీసుకుని ఆటోలో ఇంటికి వస్తున్నాం. నేనూ, మా అత్తా, నాతో పనిచేసే నలుగురిలో ఇద్దరూ. ఆ నమూనా ఇల్లు కనబడగానే నాకు ఆలోచన వచ్చింది. ఆటో ఆపమన్నాను.

"ఇక్కడెందుకే?" అంది మా అత్త.

"రొయ్యలు వలుద్దాం అత్తా. మనకు చోటు లేదు కదా."

ఆమె నా ముఖం వంక ఒక్క క్షణం చూసి, పైట నడుముకు దోపుకుని నాకంటే ముందు దిగింది.

ఆయన స్థలంలో మేం కాలు పెట్టలేదు. రోడ్డుకు ఇవతల, ఆ ఇంటికి సరిగ్గా ఎదురుగా కానుగ చెట్టు ఉంది. దాని నీడలో గోనెసంచి పరిచి, గంపలు ముందు పెట్టుకుని కూర్చున్నాం. మిగిలిన ఇద్దరికీ ఫోన్ చేస్తే కత్తిపీటలు, బకెట్లు తీసుకుని వచ్చేశారు. తలలు ఒక పక్క, పొట్టు ఒక పక్క. రోజూ చేసే పనే. కాస్త పొద్దెక్కాక సముద్రం వైపు నుంచి గాలి మొదలైంది. మా వాసనంతా తిన్నగా ఆ షామియానాలోకి పోయింది.

మొదటి కారులోంచి ఒక భార్యా భర్తా దిగారు. ఆమె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని మా దగ్గరికి వచ్చింది.

"ఇక్కడ కూర్చున్నారేందమ్మా?"

"మా పెరట్లో షెడ్డు సగంలో ఆగిపోయింది మేడమ్. ఈ ఇండ్లు కట్టే అన్నే మాకూ కడతా ఉండాడు. అది అయ్యేదాకా మాకు వేరే చోటు లేదు" అన్నాను.

"పని బాగా చెయ్యడా?"

"బాగానే చేస్తాడు. గోడలు నిలువుగా కట్టినాడు. కప్పే వెయ్యలా."

ఒక్క అబద్ధం ఆడలేదు, ఒక్క తిట్టు తిట్టలేదు. మా అత్త మాత్రం చేతిలో రొయ్య వదలకుండానే ఆ ఇంటి వంక తలెత్తి చూసి, "దీనికి కప్పుండాదిలేమ్మా, నేను చూసినా" అంది. ఆ మాటకు భర్త పకపకా నవ్వాడు. భార్య నవ్వలేదు. లోపలికి పోయి, కాసేపటికే బయటికి వచ్చి కారెక్కింది.

రెండో కారు వాళ్లు కూడా మా దగ్గర ఆగాక కాంట్రాక్టరు రోడ్డు దాటి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నుదుటి మీద చెమట.

"ఏందక్కా ఇది? నలుగురొచ్చే చోటు."

"నలుగురొచ్చే చోటే అన్నా. మా ఇంటికీ ఒక దుకాణం ఆయన వచ్చినాడు. తడిసిపోయినాడు."

"పోలీసులకి చెప్పాల్సి వస్తాది."

"చెప్పన్నా. వాళ్లొస్తే మా పెరడు కూడా చూపిద్దాం."

గొంతు తగ్గించాడు. "ఇంటికి పోండక్కా. రేపు మనుషుల్ని పంపిస్తా."

"రేపులు మా దగ్గర శానా ఉండాయి అన్నా, అన్నీ నువ్విచ్చినవే. ఈరోజు పంపించు. పని మొదలైందని పక్కింటామె ఫోన్ చేస్తే మేం లేస్తాం."

అప్పుడే ఇంకో కారు మలుపు తిరిగి వస్తోంది. ఆయన దాని వంక చూశాడు, మా గంపల వంక చూశాడు. వెనక్కి తిరిగి తాపీ మేస్త్రీని కేకేశాడు. మా కళ్ల ముందే ముగ్గురు మనుషులూ, ఇసుకా, సిమెంటు బస్తాలూ ట్రాక్టరెక్కాయి. మేం వలుస్తూనే ఉన్నాం. చాలాసేపటికి పక్కింటావిడ ఫోన్ చేసింది.

"వచ్చినారు. గొయ్యిలో నీళ్లు తోడతా ఉండారు" అంది.

పొట్టంతా ఎత్తి, ఆ చోటు నీళ్లు పోసి కడిగి, చెట్టు కింద ఒక్క తోక కూడా లేకుండా శుభ్రం చేసి వచ్చాం. ఆటో ఇంటి మలుపు తిరిగి తాపీ చప్పుడు వినబడగానే నాతో పనిచేసే నలుగురూ ఒకేసారి నవ్వడం మొదలుపెట్టారు. నాకు నవ్వుతోపాటు కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి.

కథ అక్కడితో అయిపోలేదు. గోడలు పైకి లేచాక పనివాళ్లు మళ్లీ మాయమయ్యారు. నేను ఫోన్ చేయలేదు. ఆదివారం దాకా ఆగి, ఐదుగురం ఆటోలో బయలుదేరాం. మేం కానుగ చెట్టు దగ్గరికి చేరకముందే కాంట్రాక్టరు బండి మీద ఎదురొచ్చాడు. ఆటో పక్కన ఆపి, "దిగబాకండక్కా. నేను మీ ఇంటికే పోతా ఉండా" అన్నాడు. మేం వెనక్కి తిరిగి ఆయన వెంటే ఇంటికి వచ్చాం. ఆ రోజు నుంచి పని అయిపోయేదాకా ఆయన రోజూ వచ్చి పెరట్లో నిలబడ్డాడు. రేకుల కప్పు కూడా పడింది, వేరే లెక్క అన్న మాట మళ్లీ ఎత్తలేదు.

ఒక మధ్యాహ్నం మా అత్త ఆయనకు అన్నం పెట్టింది. చేపల పులుసు కలుపుకుంటూ, ఒకరి పనికి ఇచ్చిన డబ్బు ఇంకొకరి పనికి వాడేశానని, ఆ వరస ఇళ్లు అమ్ముడుపోతే గానీ ఊపిరాడదని చెప్పుకొచ్చాడు. విన్నాను. జాలి కూడా కలిగింది. ఆ జాలితో పని మాత్రం వదల్లేదు.

నేల గచ్చు ఆరాక, అయిపోయిందని చెప్పి చేతులు కడుక్కున్నాడు. నేను ఒక బిందె నిండా నీళ్లు తెచ్చి గట్టు దగ్గర కుమ్మరించాను. నీళ్లు కాలవ వైపు కొంచెం దూరం పోయి, మనసు మార్చుకున్నట్టు పక్కకు తిరిగి మూలలో మడుగు కట్టాయి. కడిగిన రొయ్యల నీళ్లు మూలలో నిలిస్తే ఎట్లా ఉంటుందో అక్కడున్న వాళ్లందరికీ తెలుసు.

"చీపురుతో తోసేస్తే పోతాయిలే అక్కా" అన్నాడు.

"తొయ్యను అన్నా. వాటంతటవే పోవాల" అన్నాను.

మా అత్త తలుపు గడప మీద కూర్చుని ఆయన వంకే చూస్తోంది. ఆయన చాలాసేపు ఆ మడుగు చూసి, పలుగు తెప్పించాడు. ఆ మూలంతా పగలగొట్టించి, వాలు సరిచేసి మళ్లీ గచ్చు పోయించాడు. ఈసారి బిందె ఆయనే తెచ్చి కుమ్మరించాడు. నీళ్లు జారుకుంటూ పోయి, కాలవలో పడి, ఇంకుడు గుంటలోకి దిగిపోయాయి. నాతో పనిచేసే ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. ఆయన ముఖం మీద కూడా నవ్వొచ్చింది. మిగిలిన డబ్బు అప్పుడు ఆయన చేతిలో పెట్టాను.

దుకాణం ఆయనకు కబురు పంపితే వచ్చి చూసి, కుళాయి తిప్పి, గట్టు మీద చెయ్యి పెట్టి చూసి, ఆ నెల నుంచే సీసాలు పంపమన్నాడు. మా ఆయన సెలవుకు వచ్చినప్పుడు షెడ్డు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. తర్వాత ఫ్యాక్టరీలో ఎవరో ఫోన్ చేస్తే, "మా ఇంటామె కట్టించింది" అని గొప్పగా చెప్పుకోవడం నా చెవిన పడింది.

మొన్నీమధ్య కాంట్రాక్టరు ఒక కొత్త ఆసామిని వెంటబెట్టుకుని మా పెరట్లోకి వచ్చాడు. ఆయన రొయ్యల చెరువుల దగ్గర ఇలాంటి షెడ్డే వేయించుకోవాలట.

"ఇది మనం కట్టిందే సార్. కావాలంటే అక్కని అడగండి, చెప్తాది" అన్నాడు కాంట్రాక్టరు, ఛాతీ విరుచుకుని.

ఆసామి నా వైపు తిరిగాడు. కాంట్రాక్టరు కళ్లతో బతిమాలుతున్నాడు.

"గట్టిగా కట్టినాడండి. వానకి ఒక్క చుక్క కారలా" అన్నాను. ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. "అయితే, మీ ఇంట్లో రొయ్యలు వలిచేవాళ్లు ఎవరన్నా ఉండారా?" అని ఆసామిని అడిగాను.

ఆసామికి అర్థం కాలేదు. కాంట్రాక్టరు తల వంచుకుని నవ్వేశాడు.