ఒక దెబ్బ అంటే ఆగమని

దయ్యాల మాటెత్తితే నాకు నవ్వొచ్చేది. ముప్పై ఏళ్లుగా బొల్లారంలో లారీలు బాగుచేస్తున్నాను. నాకు తెలిసిన శాస్త్రం చిన్నది. డీజిల్ అందాలి, గాలి ఆడాలి, కంప్రెషన్ ఉండాలి. ఈ మూడూ ఉండి కూడా ఇంజన్ నడవకపోతే తప్పు మెకానిక్‌ది. దిష్టికి నిమ్మకాయ కట్టమని అడిగే ఓనర్లతో, "నిమ్మకాయ పులిహోరలో పిండుకోండ్రి, ముందుగల ఫిల్టర్ మార్పియ్యిండ్రి" అనేవాణ్ణి.

ఇప్పుడు అనడం లేదు. ఎందుకో చెబుతాను.

మా షెడ్డులో ఇద్దరమే ఉంటాం. నేను, మా అక్క భర్త సత్తయ్య బావ. ఇంజన్ పని నాది, బాడీ పని ఆయనది. నాకు స్పానర్ పట్టడం నేర్పింది ఆయనే. నాన్న పోయాక మా ఇల్లు నిలబెట్టింది కూడా ఆయనే.

రెండేళ్ల కింద సుబ్బారావు గారనే ఆయన ఒక పాత లారీ తెచ్చాడు. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబం. వాళ్ల నాన్న కొన్న మొదటి బండి అలాంటిదేనట, ఎప్పుడో అమ్మేశారు. అదే రకం బండి, పొడుగు ముక్కుది, ఎక్కడో తుక్కులో దొరికితే కొన్నాడు. దీనికి ముందు ఎవరి చేతుల్లో ఉందో కాగితాల్లో సరిగ్గా లేదు. వాళ్లమ్మను ఒక్కసారి అందులో కూర్చోబెట్టి తిప్పాలని ఆయన ఆశ.

ఎనిమిది నెలలు పట్టింది. బావ చెక్క బాడీ కొత్తగా కట్టాడు. రంగు వేయించాం. చూడటానికి పెళ్లికొడుకులా తయారైంది గానీ, పొద్దున సెల్ఫ్ కొడితే లేచేది కాదు. లేచినా, ఆక్సిలరేటర్ తొక్కకపోతే స్లోలో నిలబడేది కాదు. గుర్రుమని పెరిగి, తగ్గి, పెరిగి, చచ్చిపోయేది.

వెతికాను. డీజిల్ లైన్‌లో రాగి వాషర్లు అరిగి గాలి లాగుతున్నాయి. మార్చి, చేతిపంపు కొట్టి గాలి తీశాను. పంపు లోపల ఇంజన్ వేగాన్ని అదుపులో పెట్టే గవర్నర్‌కు ఉండే తోలు పొర చీలి ఉంది. రాంగోపాల్‌పేట్ పాత సామాన్ల దుకాణాల్లో మూడు రోజులు తిరిగి అలాంటిది సంపాదించాను. ఆ తర్వాత సగం తిప్పుకే స్టార్ట్ అయింది. బానెట్ మీద నీళ్ల గ్లాసు పెడితే నీళ్లు తొణకలేదు. నా పని నాకే ముద్దొచ్చింది.

అప్పుడు మొదలైంది అసలు గోల. ముందుకు ఎంత దూరమైనా పోయేది. రివర్స్ వేసి క్లచ్ వదలగానే ఆగిపోయేది. ఆగే ముందు ఎడమవైపు బాడీ మీద ఒక దెబ్బ వినిపించేది, అరచేత్తో చరిచినట్టు.

లారీ లైన్లో క్లీనర్ బాడీ మీద రెండు దెబ్బలు కొడితే పొమ్మని. ఒక దెబ్బ కొడితే ఆగమని. ఇంజన్ హోరులో మాట వినబడదు కాబట్టి డ్రైవర్ ఆ దెబ్బనే నమ్ముతాడు.

పలక ఏదో వదులైందనుకున్నాం. బావ బోల్టులన్నీ మళ్లీ బిగించాడు. అయినా అంతే. నేను వేరే లెక్క వేశాను. ఇంజన్ ఆపడానికి క్యాబిన్‌లోంచి లాగే వైరు ఒకటి పంపు దాకా ఉంటుంది. రివర్స్‌లో ఇంజన్ వెనక్కి ఒరిగితే ఆ వైరు తనంతట తానే లాక్కుంటోందేమో. వైరు పూర్తిగా తీసేశాను. పంపు మీది లివర్‌ను నడిచే వైపు బైండింగ్ వైరుతో కట్టేశాను. పైగా స్లో స్క్రూ కాస్త పెంచాను. ఇక అది ఆగాలన్నా ఆగడానికి లేదు. ఇంత పొగరుగా నేనెప్పుడూ పని చేయలేదు.

మరునాడు మధ్యాహ్నం మూడింటికి సుబ్బారావు గారు రోడ్డు మీద నిలబడి చూస్తున్నారు. బండి షెడ్డులో ముక్కు లోపలికి పెట్టి ఉంది. ఎడమవైపు గోడ. బండికీ గోడకూ మధ్య జానెడు సందు, మనిషి పట్టడు. బావ వెనక కుడి చక్రానికి అడ్డంగా పెట్టిన రాయి తీసి, అద్దంలో నాకు కనబడేలా నిలబడి చెయ్యి ఊపాడు. నేను క్లచ్ తొక్కి రివర్స్ వేశాను. మళ్లీ చూసేసరికి అద్దంలో బావ లేడు.

ఆగాను. అప్పుడు ఎడమవైపు బాడీ మీద రెండు దెబ్బలు పడ్డాయి. బావే కొట్టాడనుకుని క్లచ్ వదిలాను. బండి కదిలింది.

వెంటనే ఒక దెబ్బ. నా వీపు మీద పడ్డట్టే ఉంది. ఇంజన్ ఆగిపోయింది.

దిగి వెనక్కి పరుగెత్తాను. ఎడమ వెనక చక్రం దగ్గర బావ బోర్లా ఉన్నాడు. చొక్కా చెయ్యి టైరు కింద ఉంది, చెయ్యి బయట ఉంది. ఇంకో బెత్తెడు జరిగి ఉంటే మా అక్కకు నేను ఏ మొహం పెట్టుకుని కబురు చెప్పేవాణ్ణో. చొక్కా చెయ్యి చింపి ఆయన్ను ఇవతలికి లాగాను. సుబ్బారావు గారు నీళ్ల సీసా ఇచ్చి, "ఎవరండీ ఆ దెబ్బలు కొట్టింది, ఆ గోడ సందులో ఎవరూ లేరే" అన్నారు. ఆయనకూ వినిపించాయి.

బానెట్ ఎత్తి చూశాను. బైండింగ్ వైరు నేను తిప్పిన మెలిక తిప్పినట్టే ఉంది. లివర్ నడిచే వైపే ఉంది. సెల్ఫ్ కొడితే సగం తిప్పుకే లేచింది, అంటే గాలి కూడా లేదు. ఎడమ చక్రం రాయికి తగిలి ఆగిందనుకుందామంటే, ఆ రాయి బావ చేతిలోనే ఉంది.

బావ తేరుకున్నాక, చక్రం వెనక్కి ఎందుకు పోయావని తిట్టాను. నావైపు వింతగా చూశాడు.

"ఏందిరా గట్లంటవ్? ఎడమ చక్రం రాయి సుత తియ్యమని నువ్వే పిలిచినవ్ గద. బావా, జెర జల్ది అని."

నేను పిలవలేదు. ఆయన బాడీ మీద దెబ్బలూ కొట్టలేదు.

ఆ రోజు నుంచి నన్ను తినేస్తున్నది ఇదే. బావను చక్రం వెనక్కి నా గొంతుతో పిలిచిందెవరు? రెండు దెబ్బలు కొట్టి నాతో బండి నడిపించిందెవరు? ఒక దెబ్బ కొట్టి ఆపిందెవరు? అంతా ఒకరేనా, ఇద్దరున్నారా? అంతకుముందు ఆగిన ప్రతిసారీ బండి వెనక బావే ఉన్నాడని తర్వాత గుర్తొచ్చింది. ఆ జబ్బు నయం చేయడానికి నేను పదిరోజులు కష్టపడ్డాను.

లివర్ కట్లు విప్పి, వైరు మళ్లీ బిగించి బండి ఇచ్చేశాను. సుబ్బారావు గారు వాళ్లమ్మను తిప్పి ఫోన్ చేశారు. "బండి బంగారమండీ. రివర్స్‌లో కూడా ఎక్కడా ఆగలేదు" అన్నారు. వెనక మనిషిని మాత్రం నిలబెట్టవద్దని చెప్పాను. ఇప్పటికీ ఏ తక్లీఫూ లేదట.

బావ మాత్రం మారిపోయాడు. షెడ్డులో నేను ఎక్కడి నుంచి పిలిచినా పలకడు. పని వదిలి నా ముందుకొచ్చి, నా మొహం చూసి, "నువ్వేనా పిలిచింది?" అని అడుగుతాడు. అవునంటేనే వెళ్లి పని చేస్తాడు. మొదట్లో నవ్వేవాణ్ణి.

పోయిన వారం కూడా చేతులు తుడుచుకుంటూ వచ్చి అలాగే అడిగాడు. నేను అప్పుడు అన్నం తింటున్నాను. పిలవలేదు.