మొగిలిగుంటకు ఒక్కరే సర్పంచ్

మామీర్ లేబర్ క్యాంపులో పద్నాలుగో నంబరు గదికి వెళ్ళి సర్పంచ్ సాబ్ ఉన్నాడా అని అడిగితే, తెలుగు ముక్క రాని బంగ్లాదేశ్ వాళ్ళు కూడా కిటికీ పక్క బంకు మంచం చూపించేవారు. ఆ బంకు నర్సింగ్‌ది. ఇరవై నాలుగేళ్ళుగా బహ్రెయిన్‌లో ఉన్నాడు. ఫ్యాక్టరీలు ఆపి మరమ్మతులు చేసే షట్‌డౌన్లప్పుడు ఇనప పైపులు బిగించి, మనుషులు పైన నిలబడి పనిచేయడానికి పరంజాలు కట్టడం అతని పని. నేను అదే కంపెనీలో టైమ్‌కీపర్‌ని. ఎవడు ఎప్పుడు డ్యూటీకి వచ్చాడు, ఎవడి సెలవు ఎప్పుడు, అన్నీ నా రిజిస్టర్లో ఉంటాయి. అతనికి సర్పంచ్ అన్న పేరు ఎలా వచ్చిందో, ఎలా పోయిందో చెప్పాలంటే నా తెలివితక్కువతనం కూడా చెప్పాల్సి వస్తుంది. చెబుతాను, దాచుకుని ఏం బావుకుంటాను.

నాది కోనసీమ. పేరు గురుమూర్తి. మా ఊరు ఇప్పుడు ఏ జిల్లా కిందికి వచ్చిందో, ఏ డివిజనో ఎవరైనా అడిగితే ఇంటికి ఫోన్ చేసి మా ఆవిడ విజయలక్ష్మిని అడిగి కనుక్కోవాల్సిందే. ఊళ్ళ చరిత్రలంటే నాకు మొదటినుంచీ చిరాకు. నర్సింగ్‌కు మాత్రం అదే తిండి, అదే నిద్ర. వాళ్ళది మొగిలిగుంట, నూట నలభై మూడు ఇళ్ళు. తాతల నాడు పటేలు ఎవరు, పట్వారీ ఎవరు, సమితి పోయి మండలం ఎప్పుడొచ్చింది, కరీంనగర్ జిల్లా నుంచి జగిత్యాలలోకి ఏ దసరాకు మారారు, అన్నీ గడగడా చెప్పేవాడు. శుక్రవారం పక్కనున్న నువైద్రాత్‌లో చాయ్ దుకాణం ముందు కూర్చున్నామంటే ఇక నా చెవులు చిల్లులు పడేవి.

వాళ్ళ గొడవంతా ఒక్కటే. మొగిలిగుంటకు పేరైతే ఉంది గానీ పంచాయతీ లేదు. వాగు అవతల ఉన్న కొండాయిపల్లెకు అది శివారు. రేషను అక్కడే, ఓటు అక్కడే, చావు పుట్టుకల కాగితాలూ అక్కడే.

"మా బాపు రేషన్ బియ్యం తెస్తుంటె వాగు వచ్చింది సారు" అని అతను నాకు కనీసం ఇరవైసార్లు చెప్పి ఉంటాడు. "సంచి కొట్టుకపోయింది. బాపు తుమ్మకొమ్మ వట్టుకొని బయటవడ్డడు. తడిబట్టలతోని మల్ల పోయి అడిగితె, శివారోళ్లకు రెండుసార్లు ఎక్కడిస్తరు అన్నరు. ఆ మాట మా బాపు సచ్చేదాక మర్వలె."

అందుకే మొగిలిగుంట సొంత పంచాయతీ కావాలని అతను ఇక్కడి నుంచే అర్జీలు పంపేవాడు. బహ్రెయిన్‌లో ఉన్న వాళ్ళ ఊరివాళ్ళు పదకొండు మంది. సంతకాల కోసం మామీర్ నుంచి అమ్వాజ్ దాకా బస్సుల్లో తిరిగేవాడు. ఆ అర్జీలు రాసిపెట్టింది నేనే. 2014లో బహ్రెయిన్‌లోనూ ఒక మార్పు వచ్చింది. మామీర్ ఉన్న సెంట్రల్ గవర్నరేట్‌ను, అంటే మన జిల్లా లాంటిదాన్ని, తీసేసి ఈ ఊళ్ళను రాజధాని గవర్నరేట్‌లో కలిపారు. ఆఫీసు కాగితాల మీద చిరునామాలు మారుస్తూ ఆ సంగతి చెబితే నర్సింగ్ చాలాసేపు ఆలోచించాడు.

"మామీరోళ్లను అడిగిండ్రా సారు?" అన్నాడు.

"నన్నయితే ఎవరూ అడగలేదయ్యా" అన్నాను. రోడ్డు అదే, ఫ్యాక్టరీల వాసన అదే, మా క్యాంపు గేటూ అదే. నాకు అందులో ఆలోచించడానికేమీ కనిపించలేదు.

2018లో శివారు ఊళ్ళను పంచాయతీలు చేసినప్పుడు మొగిలిగుంట కూడా అయింది. అర్జీల వల్ల అయిందో, దానంతటదే అయిందో నాకు తెలీదు. నర్సింగ్ మాత్రం తన వల్లే అయిందన్నాడు, నేను కాదనలేదు. తరువాతి జనవరిలో ఎన్నికలు. సర్పంచ్ పదవి బీసీ మహిళకు రిజర్వ్ అయింది. ఊరంతా కూర్చుని నర్సింగ్ భార్య గౌరవ్వను ఏకగ్రీవం చేశారు. ఆమె బీడీలు చుట్టుకునే మనిషి. ఆడవాళ్ళ పదవి వస్తే పెత్తనం మొగుడు చెయ్యడం మన వైపంతా ఉన్న ఆనవాయితీయే కదా. ఆ మొగుడు మామీర్‌లో ఉన్నాడన్న సంగతి ఎవరికీ పెద్ద అడ్డుగా తోచలేదు.

"దానికేం తెల్వది సారు. సంతకం వెట్టుడొక్కటి నేర్చుకున్నది. నడిపిచ్చుడంత మనదే" అన్నాడు.

నడిపించాడు కూడా. అతనికి సెలవని గ్రామసభ శుక్రవారమే పెట్టేవారు. అతను తెల్లచొక్కా తొడుక్కుని, తల దువ్వుకుని, బంకు మీద బాసింపట్టు వేసుకుని వీడియో కాల్‌లో ఫోను ముందు కూర్చునేవాడు. కింద లుంగీయే, పైన చొక్కా మాత్రం ఇస్త్రీది. అక్కడ సభలో బల్ల మీద నీళ్ళ చెంబుకు ఆనించి ఫోను నిలబెట్టేవారు. గౌరవ్వ పక్క కుర్చీలో కూర్చునేది. ఇతను ఇక్కడి నుంచి మురుగు మోరీల గురించి, వీధి దీపాల గురించి ఆజ్ఞలు వేసేవాడు. పక్క బంకులో పడుకున్న వాళ్ళ ఊరి స్వామి దుప్పటి ముసుగులోంచే, "సర్పంచ్ సాబ్, మా రూముల ఏసీ గూడ సభల వెట్టరాదు" అనేవాడు. మేము నవ్వేవాళ్ళం. నర్సింగ్ నవ్వేవాడు కాదు. ఊరి మొదట్లో 'మొగిలిగుంట గ్రామ పంచాయతీ' అని పెద్ద అక్షరాలతో కమాను కట్టించాలన్నది అతని పట్టుదల. అది అయ్యాక ఊరికి వెళ్ళి దాని కిందనుంచి నడవాలట.

ఆ కమాను కాలేదు. గౌరవ్వ మోరీలు కట్టించింది, బడికి నీళ్ళ ట్యాంకు పెట్టించింది. కమాను మాటెత్తితే "చూద్దాం తియ్యి" అనేది. రెండో ఏడు ఫోను బల్ల మీదనుంచి కిటికీలోకి మారింది. అక్కడనుంచి అతనికి జనం వీపులు కనిపించేవి. మూడో ఏడు కొన్ని సభలకు ఫోనే రాలేదు. ఎందుకని అడిగితే చార్జింగ్ లేదన్నారు. అయినా శుక్రవారం వచ్చిందంటే అతను చొక్కా ఇస్త్రీ చేసుకుని కూర్చునేవాడు. గదిలో వాళ్ళంతా మనామా పోయినా అతను కదిలేవాడు కాదు.

"ఊరికి వెళ్ళి రావయ్యా. ఆవిడ సర్పంచ్ అయ్యాక ఒక్కసారైనా మొహం చూపించావా?" అని నేను కేకలేశాను.

"ఈ షట్‌డౌన్ పని అయినంక పోత సారు" అన్నాడు. తరువాత గొంతు తగ్గించి, "ఆమె ఫోన్ల ఎక్కువ మాట్లాడ్త లేదు. మీటింగున్నదంటది, పెట్టేస్తది. ఇన్నేండ్లు దేశం గాని దేశంల ఉన్న గని, గింత ఒక్కణ్ణి ఎన్నడు గాలె" అన్నాడు. నా వంట నేను వండుకుని, టీవీ ముందు కూర్చుని తిని పడుకునే బతుకే నాదీను. చాయ్ ఇంకోటి చెప్పాను.

నాలుగో ఏడు కబురొచ్చింది. పక్క టౌను మున్సిపాలిటీని పెంచుతున్నారు, మొగిలిగుంటను అందులో కలుపుతారట. ఫలానా శుక్రవారం గ్రామసభ పెట్టి ఊరివాళ్ళ అభిప్రాయం రాసుకుంటారట. నర్సింగ్ అన్నం మానేశాడు. నా ఆఫీసుకు వచ్చి బల్ల పట్టుకుని నిలబడ్డాడు.

"పది దినాలు సెలవు ఇప్పియ్యి సారూ. నా ఊరు నాలుగేండ్లన్న నిండకముందే పోతది. నేను పోయి నిలవడితె నా మాట ఇంటరు."

అప్పుడు షట్‌డౌన్ పని మంచి జోరు మీద ఉంది. ఫోర్‌మన్ మొదట కాదన్నాడు. నేను గట్టిగా పట్టుబట్టి ఉంటే పది రోజులు దొరికేవే, అది నాకు తెలుసు. పట్టుబట్టలేదు. పైగా పెద్ద తెలివైనవాడిలా సలహా ఒకటి పారేశాను.

"నువ్వు వెళ్ళి అరిస్తే ఏమొస్తుందయ్యా. కాగితం ఉండాలి. ఊరి చరిత్రంతా రాద్దాం. మీ ఆవిడ సభలో పెడుతుంది. ఆఫీసర్లు కాగితానికి విలువిస్తారు."

నన్ను నమ్మాడు. మూడు శుక్రవారాలు కూర్చుని అతను చెప్పాడు, నేను టైపు చేశాను. నాలుగు పేజీలు వచ్చింది. పటేళ్ళు, పట్వారీలు, కొండాయిపల్లె సర్పంచులు వరుసగా, వాగులో వాళ్ళ నాన్న, బియ్యం సంచి, పదకొండు మంది సంతకాలు, అన్నీ ఉన్నాయి. చదువుకుంటే నాకే గుండె బరువెక్కింది. ఇద్దరం రెండేసిసార్లు సరిచూసి వాట్సాప్‌లో పంపించాం.

ఆ శుక్రవారం నా ఆఫీసులోనే ఫోను పెట్టుకుని కూర్చున్నాం. ఆ రోజు గౌరవ్వ ఫోనును మళ్ళీ బల్ల మీద పెట్టింది. పక్కన మండలం నుంచి వచ్చిన ఆఫీసరు, ఎదురుగా జనం. ఎక్కువమంది ఆడవాళ్ళూ ముసలివాళ్ళే. పంచాయతీ కార్యదర్శి కాగితాలు తీసి చదవబోతే గౌరవ్వ చేయి చాచింది.

"ఇటియ్యి. మా ఇంటాయన రాసిండు, నేనే సదువుత" అంది.

నర్సింగ్ నా వైపు చూశాడు. ఆమెకు చదవడం వచ్చని అతనికి తెలీదు. నిదానంగా, ఒక్కొక్క మాటా విప్పుకుంటూ చదివింది. వాగు దగ్గరికొచ్చేసరికి ముందు వరుసలో దుర్గవ్వ అనే ముసలమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. నర్సింగ్ కుర్చీ అంచుకు జరిగాడు. నాకూ ఆశ పుట్టింది, ఎందుకు అబద్ధం. ఆఖరి పేజీ ఆఖరి పేరాకు వచ్చింది.

"2019 నుంచి... నర్సింగ్ గారి పాలనలో... మోరీలు, బడికి నీటి ట్యాంకు..."

అక్కడ ఆగింది. కాగితం తిప్పి వెనక చూసింది. వెనక ఏమీ లేదు. మళ్ళీ అదే వాక్యం మొదటినుంచి చదివి, చివరిదాకా ముగించి, కాగితాలు బల్ల మీద పెట్టింది. నాలుగు పేజీల్లో ఎనభై ఏళ్ళుగా పెత్తనం చేసినవాళ్ళ పేర్లన్నీ ఉన్నాయి. గౌరవ్వ పేరు లేదు. రెండేసిసార్లు సరిచూసిన ఇద్దరు మొగవాళ్ళకు ఆ సంగతే తట్టలేదు. నర్సింగ్ చెప్పలేదు సరే, రాసిన నా చేతికేమయింది?

ఆమె గొంతు పెంచలేదు. ఫోను వైపు తిరిగి, మొగుణ్ణి బిడ్డ పేరుతో పిలుస్తూ అంది:

"వినోద బాపూ, అంత నిజమే రాసినవు. మామ వాగుల వడ్డది గూడ నిజమే. ఆ వాగు మీద బ్రిడ్జి కడ్తమని మున్సిపాలిటోళ్లు కాయితమిచ్చిండ్రు. నేను నాలుగేండ్లు తిరిగిన, పంచాయతీతోని గాదన్నరు. ఉపాధి కూలిపని కార్డులు పోతయని సగంమంది వద్దంటుండ్రు, అది గూడ నిజమే. ఊర్ల మొగోళ్లు ముప్పైమంది గూడ లేరు, అందరు దుబాయిలనే ఉండిరి. నేనొక్కదాన్నే ఎన్ని ఆఫీసులు తిరుగుదు? ఎవరిది వాళ్లు జెప్పుండ్రి. కలుపుడు కావాల్నన్నోళ్లు చెయ్యెత్తుండ్రి."

ముందు దుర్గవ్వ ఎత్తింది. తరువాత ఒకటొకటిగా లేచాయి. గౌరవ్వ కూడా చెయ్యెత్తింది. ఆఫీసరు లెక్కపెట్టుకున్నాడు.

"వద్దన్నోళ్లల్ల నాదొకటి రాసుకోండ్రి" అన్నాడు నర్సింగ్.

ఆఫీసరు ఫోనులోకి వంగి చూశాడు. "సభల కూసున్నోళ్లదే రాస్తమన్నా" అన్నాడు మర్యాదగానే. అంతలో ఎవరో బల్ల జరిపారు, ఫోను వెల్లకిలా పడింది. పైన రేకులు, తిరుగుతున్న ఫ్యాను కనిపించాయి. సభ మాటలు వినిపిస్తున్నాయి. ఎవరైనా లేపి నిలబెడతారని కాసేపు చూశాం. తరువాత అతనే కట్ చేశాడు.

మరుసటి ఏడు మొగిలిగుంట టౌన్లో ఒక వార్డయింది. బ్రిడ్జికి గుంతలు తవ్వారని స్వామి వాళ్ళింటివాళ్ళు చెప్పారు. క్యాంపులో అతన్ని సర్పంచ్ అనడం మానేశాం. ఎవరూ చెప్పుకుని మానలేదు, నోరు రాలేదంతే. సెలవు కూడా అప్పుడే వచ్చింది. నేనే ఫోర్‌మన్‌తో పోట్లాడి నెల రోజులు రాయించాను. ప్రయాణానికి వారం ముందు నర్సింగ్ ఆఫీసుకు వచ్చాడు.

"ఆ కాయితం ఉన్నదా సారు? ఆఖరుది మల్ల కొట్టు. తప్పువడ్డది" అన్నాడు.

కంప్యూటర్లో తీశాను. అతను చెప్పినట్టే కొట్టాను: 'సర్పంచ్: శ్రీమతి గౌరవ్వ. ఆమె హయాంలో మోరీలు, బడికి నీటి ట్యాంకు కట్టబడినవి.' ప్రింటు తీసి ఇచ్చాను. అతను అక్కడే నిలబడి ఆమెకు ఫోన్ చేసి, స్పీకరు పెట్టి, ఆ వాక్యం చదివి వినిపించాడు. ఇలా సరిచేసి తెస్తున్నానని, పటం కట్టించి ఇంట్లో పెడదామని అన్నాడు. అంత మెత్తగా అతను మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు.

అవతల కాసేపు బీడీ ఆకు కత్తిరిస్తున్న చప్పుడు వినిపించింది.

"మంచిగ రాసినవు" అంది గౌరవ్వ. "గని ఇప్పుడు నన్ను ఏ ఊరికి సర్పంచ్ అని రాస్తవు?"

జవాబు కోసం ఆగకుండా ఏ బస్సు ఎక్కాలో చెప్పింది. వాగు దగ్గర దిగొద్దని, బ్రిడ్జి పని నడుస్తోందని, టౌన్ దాకా వచ్చి అక్కడ దిగమని చెప్పి పెట్టేసింది. నర్సింగ్ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుని, ఓవర్‌టైం ఉందని వెళ్ళిపోయాడు.